ద్వీపాల చిన్న వ్యాపారాలకు జనం పెట్టుబడి: తేలినవి, తేలనివి

చిన్న ద్వీపంలో వ్యాపారం మొదలుపెట్టేవారికి బ్యాంకు అప్పు దొరకకపోవడం కొత్త సంగతి కాదు. ముడిసరుకు పడవ మీద రావాలి, తయారైన సరుకు మళ్లీ పడవ మీదే పోవాలి. ఊళ్లో కొనేవారు కొన్ని వందల మందో, కొన్ని వేల మందో. ఏటా తుఫానుల కాలం దాటి బయటపడాలి. తనఖాకు భూమి చూపిద్దామంటే చాలాచోట్ల అదీ కుదరదు. ఫిజీలో 85 శాతానికి పైగా, సమోవాలో దాదాపు 80 శాతం నేల వంశ సమూహాల ఉమ్మడి హక్కులో ఉంది. అమ్మడానికి వీల్లేని నేలను హామీగా తీసుకోవడానికి ఏ బ్యాంకూ ఉత్సాహపడదు.

పైగా పెద్ద బ్యాంకులు ఒక్కొక్కటిగా సర్దుకుంటున్నాయి. కెనడాకు చెందిన స్కోషియాబ్యాంక్ కరీబియన్‌లో తొమ్మిది చోట్ల తన వ్యాపారం అమ్మేస్తున్నట్టు 2018లో ప్రకటించింది. మరుసటి ఏడాది మరో కెనడా బ్యాంకు ఆర్‌బీసీ తన తూర్పు కరీబియన్ శాఖలను అక్కడి స్థానిక బ్యాంకుల కూటమికి అప్పగించే ఒప్పందం చేసుకుంది. 2020లో ఆస్ట్రేలియా బ్యాంకు వెస్ట్‌పాక్ ఫిజీ, పాపువా న్యూగినీల నుంచి తప్పుకోవాలని చూసింది. ఆ అమ్మకం చివరికి ఆగిపోయింది గానీ, ద్వీపాల మీద పెద్ద బ్యాంకులకు ఆసక్తి తగ్గిందన్న సంగతి అందరికీ అర్థమైంది.

ఆ ఖాళీని పూరించే దారిగా 2010 తర్వాత క్రౌడ్‌ఫండింగ్ పేరు గట్టిగా వినిపించింది. ఒక్కరి దగ్గర లక్ష అడిగే బదులు వెయ్యి మంది దగ్గర వంద చొప్పున అడగడం దాని సూత్రం. పదిహేనేళ్లు గడిచేసరికి ఈ చర్చ బాగా చిక్కుపడింది. ఒకరు ద్వీపాల భవిష్యత్తంతా ఇక్కడే ఉందంటారు, మరొకరు అడుక్కోవడానికి ఇది మర్యాదైన పేరు మాత్రమేనంటారు. ఇద్దరి చేతిలోనూ ఉదాహరణలున్నాయి. చిక్కుకు మొదటి కారణం, ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే వస్తువు గురించి కాకపోవడం.

ఒకే పేరు కింద నాలుగు బేరాలు

క్రౌడ్‌ఫండింగ్ అన్న పేరు కింద నాలుగు వేరువేరు బేరాలు నడుస్తున్నాయి. మొదటిది చందా: ఇచ్చినవారు తిరిగి ఏమీ ఆశించరు. రెండోది ముందస్తు కొనుగోలు: ఇవాళ డబ్బు ఇస్తే, సరుకు తయారయ్యాక పంపుతారు. కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు నడిచేది ఈ పద్ధతి మీదే. మూడోది అప్పు: వడ్డీతోనో వడ్డీ లేకుండానో అసలు తిరిగి రావాలి. నాలుగోది వాటా: డబ్బు పెట్టినవారు వ్యాపారంలో భాగస్తులవుతారు.

ద్వీపం విషయంలో ఈ నాలుగింటి మధ్య తేడా చాలా పెద్దది. ముందస్తు కొనుగోలులో సరుకు కొనుగోలుదారుడి ఇంటికి చేరాలి, అంటే ద్వీపానికి ఎప్పుడూ ఉన్న రవాణా ఖర్చే మళ్లీ ఎదురవుతుంది. కిక్‌స్టార్టర్ ప్రాజెక్టులపై పరిశోధకుడు ఈథన్ మోలిక్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నిధులు దొరికినవాటిలో నూటికి 75కి పైగా చెప్పిన గడువుకు సరుకు అందించలేకపోయాయని తేలింది. పక్క వీధిలోనే కొరియర్ ఆఫీసు ఉన్నవారి సంగతే అది. వారానికి ఒకే ఓడ వచ్చే చోట ఈ పద్ధతి ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకే ఇకపై చర్చలో దీనికి తక్కువ చోటిస్తాను. చందా, అప్పు, వాటా: ఈ మూడింటి చుట్టూనే అసలు వాదం నడుస్తోంది.

వెబ్‌సైట్లకు ముందు నుంచీ ఉన్నదే

ఈ ఆలోచన ఇంటర్నెట్‌తో పుట్టిందనుకోవడం పొరపాటు. ట్రినిడాడ్‌లో సూసూ, జమైకాలో పార్డ్‌నర్, బార్బడోస్‌లో మీటింగ్ టర్న్: పేరు ఏదైనా పది ఇరవై మంది నెలనెలా డబ్బు వేసి, వంతులవారీగా ఒక్కొక్కరు మొత్తం తీసుకునే పద్ధతి తరతరాలుగా ఉంది. చీటీలు వేసే తెలుగువారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. మన చీటీలో పాట ఉంటుంది, అక్కడ సాధారణంగా వంతు ముందే ఖాయమవుతుంది. కరీబియన్‌లో కుట్టు మిషన్లూ, చిన్న దుకాణాలూ, వలస వెళ్లేవారి ప్రయాణ ఖర్చులూ చాలాకాలం ఈ డబ్బుతోనే నడిచాయి. కాగితం లేదు, తనఖా లేదు. మాట తప్పితే ఊళ్లో తలెత్తుకోలేమన్న భయమే హామీ.

మరో పాయ ఐరోపాలో ఉంది. డెన్మార్క్‌లోని సామ్సో ద్వీపం కథ ఈ చర్చలో పదేపదే వస్తుంది, రావాలి కూడా. సుమారు 4,000 మంది ఉన్న ఆ వ్యవసాయ ద్వీపం 1997లో ప్రభుత్వం పెట్టిన పోటీలో నెగ్గి, తనకు కావలసిన శక్తినంతా తానే తయారు చేసుకునే పథకానికి పూనుకుంది. నేల మీద 11 గాలిమరలు, తర్వాత సముద్రంలో 10 మరలు లేచాయి. నేల మీదవాటిలో తొమ్మిదింటిని రైతులు సొంతంగా కొన్నారు, రెండింటికి సహకార పద్ధతిలో చిన్న వాటాలు అమ్మారు. సముద్రంలోని పదిలో ఐదు మునిసిపాలిటీవి, మూడు ప్రైవేటు మదుపుదారులవి, రెండు చిన్న వాటాదారులవి. ఏ వెబ్‌సైటూ లేదు. ఊరి హాల్లో రాత్రిళ్లు సమావేశాలు జరిగాయి. సోరెన్ హెర్మన్‌సెన్ అనే స్థానికుడు ఏళ్ల తరబడి గడపగడపకూ తిరిగి ఒప్పించాడు. దీని వెనక మరో బలం ఉంది, దాన్ని చాలామంది చెప్పడం మరచిపోతారు: గాలి కరెంటుకు డెన్మార్క్ ప్రభుత్వం కొన్నేళ్లపాటు ఖాయమైన కొనుగోలు ధర ఇచ్చింది. వాటా కొన్న రైతుకు రాబడి ఎంతో ముందే లెక్కకు అందింది.

అదే 1997లో స్కాట్లండ్ పశ్చిమ తీరంలోని ఎగ్ ద్వీపంలో మరోరకం ప్రయోగం జరిగింది. అక్కడివారు తరతరాలుగా జమీందారు కింద కౌలుదార్లు. యజమాని మారినప్పుడల్లా జీవితాలు తలకిందులయ్యేవి, దీర్ఘకాలపు కౌలుపత్రం లేక ఇల్లు బాగుచేసుకోవడానికే జంకేవారు. ద్వీపం అమ్మకానికి వచ్చినప్పుడు వారు ప్రపంచానికి విజ్ఞప్తి చేశారు. వేలాది మంది చిన్న మొత్తాలు పంపారు, పేరు చెప్పని ఒక మహిళ పెద్ద మొత్తం ఇచ్చారు. అలా 15 లక్షల పౌండ్లకు ద్వీపాన్ని కొని, 1997 జూన్ 12న ద్వీపవాసుల ప్రాతినిధ్యం ఉన్న ట్రస్టు చేతికి తెచ్చుకున్నారు. 2008లో నీరు, గాలి, సూర్యరశ్మి మూడింటితో నడిచే సొంత విద్యుత్ వ్యవస్థ వచ్చింది. ద్వీపాన్ని కొన్ననాటికి 60 పైచిలుకు ఉన్న జనాభా ఆ తర్వాత వంద దాటింది. పంపిన చందాలు ఏ ఒక్క వ్యాపారానికీ నేరుగా పోలేదు. అవి భూమి హక్కును తెచ్చిపెట్టాయి, ఆ హక్కు మీద చిన్న వ్యాపారాలు నిలబడ్డాయి. ఈ రెండు మెట్ల దారిని తర్వాతి చర్చ సరిగ్గా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

దూరం చెరిగిపోతుందన్నవారు

2008లో ఇండిగోగో, 2009లో కిక్‌స్టార్టర్ వచ్చాక మొదటి వాదం బలపడింది. ద్వీపానికి అసలు శత్రువు దూరం, ఇంటర్నెట్ దూరాన్ని తుడిచేస్తుంది, కాబట్టి నమ్మకమైన ఆలోచన ఉంటే పెట్టుబడి ఎక్కడినుంచైనా వస్తుంది అన్నది దాని సారం. 2013లో ప్రపంచ బ్యాంకు వారి ఇన్ఫోడెవ్ నివేదిక, వర్ధమాన దేశాల్లో 2025 నాటికి ఏటా 90 బిలియన్ డాలర్లకు పైగా ఈ మార్గంలో సమకూరే అవకాశం ఉందని అంచనా కట్టింది. చాలా ద్వీప ప్రభుత్వాలు ఈ మాటను ఉత్సాహంగా అందుకున్నాయి.

ఈ వాదానికి బలమైన ఉదాహరణ కీవా. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఈ సంస్థ 25 డాలర్ల నుంచి అప్పు ఇవ్వనిస్తుంది. పసిఫిక్‌లో దాని భాగస్వామి సౌత్ పసిఫిక్ బిజినెస్ డెవలప్‌మెంట్. 2000లో సమోవాలో మొదలై తర్వాత టోంగా, ఫిజీ, సోలమన్ దీవులకు విస్తరించిన ఈ సంస్థ, బంగ్లాదేశ్‌లోని గ్రామీణ్ బ్యాంకు తరహాలో మహిళా బృందాలకు తనఖా లేని అప్పులిస్తుంది. కొబ్బరినూనె, చాపల అల్లిక, రొట్టెల తయారీ, పందుల పెంపకం లాంటివాటికి ఎక్కడో ఒహాయోలో ఉన్న మనిషి 25 డాలర్లు ఇవ్వగలగడం నిజంగా గొప్ప విషయం.

అయితే 2009లో డేవిడ్ రూడ్‌మన్ అనే పరిశోధకుడు ఒక ముడి విప్పాడు. కీవా పేజీలో ఫొటో కనిపించే సరికే చాలామందికి స్థానిక సంస్థ అప్పు ఇచ్చేసి ఉంటోంది. జనం పంపే సొమ్ము ఆ సంస్థ ఖజానాను తిరిగి నింపుతోంది. డబ్బు ఇచ్చినవారికి వడ్డీ రాదు గానీ, తీసుకున్న మహిళ స్థానిక సంస్థకు వడ్డీ కడుతుంది. కీవా తర్వాత తన వివరణను మార్చింది. దీన్ని మోసమనడం తప్పు. వారంవారం గ్రామానికి వెళ్లి వాయిదా వసూలు చేసి, పుస్తకం రాసే సంస్థ లేకుండా ఈ అప్పు సాధ్యం కాదు. కానీ ఒక సంగతి రుజువైంది. దూరాన్ని చెరిపింది వెబ్‌సైటు కాదు, ఆ గ్రామాల్లో తిరిగే సిబ్బంది.

రెండో అడ్డంకి ఇంకా మొరటుది. కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టాలంటే ఆ సంస్థ జాబితాలోని దేశాల్లో నివాసం ఉండాలి. ఆ జాబితాలో న్యూజిలండ్, సింగపూర్ ఉన్నాయి. టోంగా, సమోవా, డొమినికా, సెయింట్ లూషియా లేవు. కార్డు చెల్లింపులు స్వీకరించే పెద్ద కంపెనీలు కూడా చాలా చిన్న దీవుల్లో ఖాతాలు తెరవనివ్వవు. విదేశీ బ్యాంకులు చిన్న దేశాల బ్యాంకులతో తమ అనుసంధానం తెంచుకుంటున్న ధోరణి దీనికి తోడైంది. డబ్బు ఇచ్చేవారు సిద్ధంగా ఉన్నా, అందుకునే ఖాతా లేని పరిస్థితి అది.

జనం అంటే తనవాళ్లే అన్నవారు

రెండో వాదం దీనికి బదులుగా పుట్టింది. అజయ్ అగ్రవాల్, క్రిస్టియన్ కాటలినీ, ఆవీ గోల్డ్‌ఫార్బ్ అనే ముగ్గురు పరిశోధకులు సెల్లాబ్యాండ్ అనే డచ్ సంగీత వేదికను పరిశీలించారు. కళాకారుడికీ డబ్బు పెట్టినవారికీ మధ్య సగటు దూరం సుమారు 5,000 కిలోమీటర్లని తేలింది. పైకి చూస్తే ఇది మొదటి వాదానికే బలం. కానీ మొదట్లో డబ్బు పెట్టేది దగ్గరివారూ, బంధుమిత్రులూ. ఆ మొదటి మొత్తం పోగయ్యాకే దూరపువారు కదులుతారు. ఈ పరిశీలన చాలామంది ఆలోచనను మార్చింది.

ద్వీపాలకు ఈ మాట అచ్చంగా వర్తిస్తుంది, ఎందుకంటే దగ్గరివారే దూరంగా ఉంటారు. టోంగావాళ్లు ఆక్లండ్‌లో, సిడ్నీలో, సాల్ట్ లేక్ సిటీలో ఉన్నారు. జమైకావాళ్లు లండన్‌లో, న్యూయార్క్‌లో, టొరాంటోలో. టోంగాకు విదేశాల నుంచి అందే కుటుంబ సొమ్ము ఇటీవలి ఏళ్లలో ఆ దేశపు స్థూలోత్పత్తిలో 40 శాతం దాకా పోయింది, ప్రపంచంలో అత్యధిక స్థాయుల్లో అది ఒకటి. జమైకాలో అది సుమారు 20 శాతం. ఈ ప్రవాహంలో చిన్న పాయను ఇంటి ఖర్చుల నుంచి వ్యాపారం వైపు మళ్లించగలిగితే చాలంటారు ఈ వాదులు.

2022 జనవరి 15న హుంగా అగ్నిపర్వతం బద్దలై టోంగాను బూడిద కప్పేసినప్పుడు, ఒలింపిక్స్‌లో ఆ దేశపు జెండా మోసిన పీటా టౌఫాటోఫువా ఆస్ట్రేలియా నుంచి గోఫండ్‌మీ అనే చందాల వేదికలో విజ్ఞప్తి చేసి లక్షల డాలర్లు సమకూర్చాడు. పేజీ తెరిచింది బయట, డబ్బు అందింది బయట, చేర్చవలసింది లోపలికి. ద్వీపాల క్రౌడ్‌ఫండింగ్ చాలాభాగం ఇలాగే బయటనున్న సొంత మనిషి చేతుల మీదుగా నడుస్తోంది.

ఇక్కడ ఒక ప్రశ్న జవాబు లేకుండా నిలిచిపోయింది. వ్యాపారానికి పంపే వంద డాలర్లు కొత్త డబ్బా, లేక అమ్మకు ప్రతినెలా పంపే డబ్బులోంచి తగ్గించినదా? రెండోదే నిజమైతే ద్వీపానికి చేరేది పెరగదు, చేతులు మారుతుందంతే. కుటుంబానికి పంపే డబ్బు అనుబంధం, వ్యాపారానికి పెట్టేది లెక్క. తమ్ముడి బేకరీ మూతపడితే డబ్బుతో పాటు బంధుత్వం కూడా దెబ్బతింటుంది. ఈ భయం ఎంతమందిని ఆపుతోందో కొలిచిన గట్టి పరిశోధన నా దృష్టికి రాలేదు.

హక్కు ఎవరిదని అడిగేవారు

మూడో వాదం డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని కాక, వచ్చాక ఎవరి హక్కుగా మారిందని అడుగుతుంది. సామ్సో, ఎగ్ అనుభవాల మీద నిలబడే ఈ వాదమే నాకు అన్నిటికన్నా బలంగా కనిపిస్తుంది.

బ్రిటన్‌లోని కమ్యూనిటీ షేర్ పద్ధతి దీనికి చట్టరూపం. సహకార, సమాజ ప్రయోజన సంఘాల చట్టం 2014లో కొత్త రూపు దిద్దుకుంది. ఈ సంఘాల్లో వాటా ఎంత ఉన్నా ఒక మనిషికి ఒకే ఓటు. వాటాను బజారులో అమ్ముకోలేరు. కావాలనుకుంటే సంఘం దగ్గర ఉన్నంతలో పెట్టిన సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు. వాటా విలువ పెరగదు, మితమైన వడ్డీ మాత్రం రావచ్చు. ఒక వ్యక్తి ఇలా వెనక్కి తీసుకోగల వాటా మీద 1,00,000 పౌండ్ల పరిమితి ఉంది. సమాజ ప్రయోజన సంఘమైతే, మూతపడినా ఆస్తి సభ్యుల మధ్య పంపకం కాకుండా తాళం వేసుకునే వీలుంది.

ఈ ఏర్పాటు ద్వీపానికి ఎందుకు సరిపోతుంది? ద్వీపంలో ఒక్క దుకాణమే ఉంటుంది, ఒక్క పెట్రోలు బంకే ఉంటుంది, ఒక్క రేవే ఉంటుంది. యజమాని ముసలివాడై మూసేస్తే ఊరే ఖాళీ కావచ్చు. అలాంటి వ్యాపారం మీద అధిక లాభం ఆశించి బయటివారు డబ్బు పెట్టరు. కానీ ప్రతి వేసవీ అక్కడికి వెళ్లే యాత్రికుడికీ, నగరంలో స్థిరపడిన మనవడికీ, అక్కడే ఉండే ఉపాధ్యాయుడికీ ఆ దుకాణం తెరిచి ఉండడమే లాభం. వారి వాటా దాతృత్వానికీ మదుపుకూ మధ్యన నిలుస్తుంది. ఒక్క ఓటు నియమం వల్ల డబ్బున్న బయటివాడు ఒంటరిగా పెత్తనం చేయలేడు.

లోపాలూ ఉన్నాయి. ఎక్కువ మంది ఒకేసారి సొమ్ము వెనక్కి అడిగితే సంఘం ఇవ్వలేదు. పుస్తకాలు రాయడానికీ, ఏటా సమావేశాలు జరపడానికీ ఓపికున్న స్వచ్ఛంద కార్యకర్తలు కావాలి. 80 మంది ఉన్న ద్వీపంలో ఆ పనులన్నీ అదే ఆరేడుగురి మీద పడతాయి. అలసిపోయిన కమిటీ సంఘాన్ని ముంచుతుందన్న విమర్శలో నిజముంది. ఇక బయటి వాటాదార్ల సంఖ్య ద్వీపవాసుల కన్నా పదింతలైతే, ఒక మనిషికి ఒక ఓటు నియమమే ద్వీపవాసుల మాటను చిన్నది చేస్తుంది. కొన్ని సంఘాలు దీన్ని నియమావళిలోనే సరిదిద్దుకుంటాయి, అన్నీ కాదు.

అనుమానించేవారు

నాలుగో పక్షం వారి అభ్యంతరాల్లో రెండు తేలిగ్గా కొట్టిపారేయలేనివి.

మొదటిది తుఫాను. మామూలు ఊళ్లో పది వ్యాపారాలకు అప్పిస్తే ఒకటో రెండో మునుగుతాయి. ద్వీపంలో అన్నీ ఒకేరోజు మునుగుతాయి. 2017 సెప్టెంబరులో మారియా తుఫాను డొమినికాకు చేసిన నష్టం ఆ దేశపు ఏడాది ఉత్పత్తిలో 226 శాతమని లెక్కగట్టారు. అలాంటి రోజున వంద చిన్న అప్పులుగా విడదీసి పెట్టడం వల్ల ఏ రక్షణా ఉండదు. పైగా అప్పుడు కనెక్షన్ కూడా పోతుంది. టోంగాను ప్రపంచంతో కలిపే సముద్రపు కేబులు 2022లో తెగి, ప్రధాన ద్వీపానికే ఐదు వారాలకు పైగా సరైన ఇంటర్నెట్ లేకుండా పోయింది, బయటి దీవులకు ఏడాది దాటినా కేబులు అందలేదు. డబ్బు అత్యవసరమైన రోజునే ఆ డబ్బు అడిగే దారి మూసుకుపోతుంది.

రెండోది కథల పోటీ. 2014 శీతాకాల ఒలింపిక్స్‌కు జమైకా బాబ్‌స్లెడ్ జట్టు ప్రయాణ ఖర్చులు కొద్దిరోజుల్లోనే జనం చందాలతో సమకూరాయి, డోజ్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం అభిమానులు కూడా ఒక చెయ్యి వేశారు. ఆ జట్టు మీద వచ్చిన సినిమా వల్ల ప్రపంచమంతా ఎరిగిన కథ అది. ఐస్ ప్లాంటుకు కంప్రెసర్ కావాలన్న చేపల సంఘానికి అలాంటి కథ లేదు. జనం మనసు కదిలించేదానికి డబ్బు వస్తుంది, ఊరికి అవసరమైనదానికి వస్తుందన్న హామీ లేదు. తాగునీరు, రేవు, ఆసుపత్రి పడవ లాంటివి కూడా ఈ మార్గానికి వదిలేస్తే ప్రభుత్వం తన బాధ్యత నుంచి జారుకుంటుందన్న హెచ్చరిక న్యాయమైనదే.

అయితే ప్రభుత్వమే ఈ దారి పట్టిన ఉదాహరణ కూడా ఒకటుంది. సుమారు 1,700 మంది ఉండే పసిఫిక్ ద్వీపం నియూ, తన జలాల్లో 1,27,000 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతాన్ని కాపాడడానికి 2023 సెప్టెంబరులో ఒక పథకం ప్రకటించింది. ఒక చదరపు కిలోమీటరు సముద్రాన్ని 20 ఏళ్లు కాపాడడానికి 250 న్యూజిలండ్ డాలర్లు ఇవ్వండని ప్రపంచాన్ని అడిగింది. ఇది వ్యాపారం కాదు, కానీ ధర, గడువు, పని మూడూ స్పష్టంగా చెప్పిన విజ్ఞప్తి. చిన్న వ్యాపారాలు దీన్నుంచి నేర్చుకోదగ్గది ఉంది.

చట్టం గీసిన గీతలు

ఏ ద్వీపం ఏ పద్ధతి వాడుకోగలదన్నది చాలావరకు దాని జెండా నిర్ణయిస్తోంది. ఐరోపా సమాఖ్య 2021 నవంబరు నుంచి అమలు చేస్తున్న నిబంధన ప్రకారం ఒక వ్యాపారం ఏడాదిలో 50 లక్షల యూరోల దాకా సమాఖ్య అంతటా జనం నుంచి సేకరించవచ్చు. మాల్టాకూ, గ్రీకు దీవులకూ, హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి రీయూనియన్‌కూ ఈ తలుపు తెరిచి ఉంది. అమెరికాలో 2012 చట్టం 2016లో అమల్లోకి వచ్చింది, పరిమితి 2021లో 50 లక్షల డాలర్లయింది. ప్యూర్టో రికో, గువామ్‌లలో నమోదైన కంపెనీలు దాన్ని వాడుకోవచ్చు, వాటి పొరుగు స్వతంత్ర దీవులు వాడుకోలేవు.

స్వతంత్ర ద్వీపాల్లో మారిషస్ ముందడుగు వేసింది. వ్యక్తుల మధ్య నేరుగా నడిచే పీర్ టు పీర్ అప్పులకు 2020లో, క్రౌడ్‌ఫండింగ్‌కు 2021లో వేర్వేరు నియమాలు తెచ్చింది. ఉగాదికి సెలవిచ్చే ఆ దేశపు అనుభవాన్ని మన పత్రికలు ఇంకా దగ్గరగా గమనించాలి. 13 లక్షల లోపు జనాభాకు ఇంత నియంత్రణ యంత్రాంగం భరించదగ్గదేనా, ఆ ఖర్చు చివరికి అప్పు తీసుకునేవారి మీదే పడుతుందా అన్న ప్రశ్నకు అక్కడే జవాబు తేలాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

చందా వేగంగా వస్తుంది, విపత్తులోనూ వస్తుంది, కానీ రెండోసారి రాదు. ఎగ్‌లో లాగా శాశ్వతమైన హక్కు కొనడానికి వాడితేనే దానికి నిలకడ. అప్పు మళ్లీ మళ్లీ తిరుగుతుంది, చిన్న మొత్తాలకు సరిపోతుంది, కానీ క్షేత్రంలో నమ్మకమైన సంస్థ లేకపోతే వెబ్‌సైటు ఒక్కటే ఏమీ చేయలేదు. పెద్ద తుఫానుకు తట్టుకోదు. వాటా నష్టాన్ని తనలో ఇముడ్చుకుంటుంది, వ్యాపారం ఆగిన ఏడాది వాయిదా కట్టమని ఎవరూ అడగరు, అందువల్ల విపత్తులుండే చోటికి సహజంగా అదే తగినది. కానీ దానికి చట్టం కావాలి, సభ్యత్వం కావాలి, ఏళ్ల తరబడి శ్రమించే కమిటీ కావాలి. నాలుగింటిలో అన్నిటికన్నా ప్రచారం దొరికింది ముందస్తు కొనుగోలుకు. చిన్న దీవులకు అన్నిటికన్నా తక్కువ పనికొచ్చిందీ అదే.

ఇంకా తేలనివి మూడున్నాయి. ప్రవాసుల డబ్బు అదనమా, మళ్లింపా అన్నది ఒకటి. విపత్తు నష్టాన్ని బీమా, ప్రభుత్వం, వాటాదారుడు ఎలా పంచుకోవాలన్నది రెండోది, దీని మీద మాటలే తప్ప పనిచేసి చూపిన నమూనాలు చాలా తక్కువ. మూడోది, జనం మొదటి వాటా పెట్టాక బ్యాంకు మిగతాది ఇస్తుందా అన్నది. సామ్సో తరహా చోట్ల ఇచ్చింది, ఎందుకంటే అక్కడ కొనుగోలు ధర ఖాయం. ఆ ఖాయం లేని కరీబియన్, పసిఫిక్ దీవుల్లో ఏం జరుగుతుందో నమ్మకంగా చెప్పగలిగే స్థితి ఇంకా రాలేదు.

మన దీవుల సంగతి

భారతదేశంలో ఈ చర్చ దాదాపు మొదలే కాలేదు. 2014 జూన్‌లో సెబీ క్రౌడ్‌ఫండింగ్ మీద సంప్రదింపుల పత్రం విడుదల చేసింది, అది నియమంగా మారలేదు. 2016లో అదే సెబీ, ఆన్‌లైన్‌లో వాటాలు అమ్మే అనుమతి లేని వేదికల పట్ల జాగ్రత్తని హెచ్చరించింది. కంపెనీల చట్టం కింద ప్రైవేటుగా వాటాలు ఇవ్వజూపేది ఏడాదికి 200 మందికి మించకూడదు. పీర్ టు పీర్ అప్పులకు రిజర్వు బ్యాంకు 2017లో నియమాలు పెట్టింది: ఒకరు ఒకరికి 50,000 రూపాయలకు మించి ఇవ్వకూడదు, గడువు 36 నెలలు దాటకూడదు, విదేశాల నుంచి సొమ్ము రాకూడదు. మోసాలు చూసి చూసి పెట్టిన కట్టడులివి, వాటిని తప్పుపట్టలేం. కానీ వీటి మధ్య ద్వీపపు చిన్న వ్యాపారానికి ఖాళీ దాదాపు మిగలలేదు. డల్లస్‌లో ఉన్న మేనల్లుడు పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం)లోని మేనమామ పడవ ఇంజనుకు ఈ వేదికల ద్వారా అప్పు ఇవ్వలేడు.

పోర్ట్ బ్లెయిర్ పేరు ఊరికే చెప్పలేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581, అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడి చేపల వేటలో ముఖ్యులు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి 2,300 కిలోమీటర్ల సముద్రపు కేబులు అండమాన్‌కు చేరింది, 2024 జనవరిలో కొచ్చి నుంచి లక్షద్వీప్‌కు చేరింది. ఇంటర్నెట్ లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. మంచు గదులు, ఎండుచేపల ప్యాకింగు, పడవ మరమ్మతు షెడ్డు లాంటి వ్యాపారాలు అక్కడ ఊరందరికీ కావలసినవే, అంటే వాటా పద్ధతికి అచ్చంగా సరిపోయేవి.

దానికి కావలసిన చట్టం ఎలా ఉండాలో తెలుగునేల ముప్పై ఏళ్ల క్రితమే చూపింది. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ వాటాధనం తీసుకోకుండా సభ్యుల సొమ్ముతో, సభ్యుల నిర్ణయంతో నడిచే సంఘాలకు దేశంలోనే మొదట దారి తీసింది. హైదరాబాదులోని సహకార వికాస సంస్థ దాని కోసం ఏళ్లపాటు పోరాడింది. ఆ చట్టం పేరు వాడుకుని కొన్ని సంఘాలు డిపాజిటర్లను ముంచిన మాట కూడా నిజం, కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టుగా ఎత్తుకుపోకూడదు. బయటివారి నుంచి డిపాజిట్లు నిషేధించి, వాటాలు మాత్రమే అనుమతించి, ఏటా స్వతంత్ర ఆడిట్ తప్పనిసరి చేసి, ఆస్తి పంపకానికి తాళం వేసి, ద్వీపవాసుల ఓట్లకు ఆధిక్యం ఉంచి రాయాలి.

అండమాన్, లక్షద్వీప్‌లకు శాసనసభ లేదు. రాజ్యాంగం 240వ అధికరణం కింద వాటి కోసం నిబంధనలు చేసే అధికారం రాష్ట్రపతికి ఉంది, అంటే ఇది కేంద్ర ప్రభుత్వం తలచుకుంటే అయ్యే పని. శ్రీకాకుళం, విశాఖ ఎంపీలూ, అండమాన్ ఎంపీ కలిసి ఈ మాటను పార్లమెంటులో లేవనెత్తాలి.